వినే పాఠంలో గుసగుస

నస్రుల్లాబాద్ మండలంలో ఒక సర్కారు బడి. పదో తరగతి, మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడు. సారు సరేనంటే వెనక బల్ల మీద కూర్చుని ఇంగ్లిష్ వినికిడి పాఠం చూశాను. పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల తండాల వాళ్లే.

సారు చదవడం మొదలుపెట్టగానే పేజీలు తిప్పుతున్న చప్పుడైంది. మన రాష్ట్ర ఇంగ్లిష్ వాచకంలో వినాల్సిన భాగాన్ని పుస్తకం చివర అచ్చువేశారు. టీచరు చదివి వినిపించాలని దాని ఉద్దేశం. కానీ అదే పుస్తకం పిల్లల చేతుల్లోనూ ఉంది కదా! సారు గొంతు వెంట పిల్లల వేళ్లు అక్షరాల మీద నడిచాయి. ప్రశ్నలడిగితే జవాబులన్నీ ఒప్పే. కళ్లతో ఏరుకున్న జవాబులు తప్పెందుకవుతాయి?

సారునొక్కరినే తప్పుపట్టలేను. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాత పరీక్ష. అందులో చెవికి మార్కుల్లేవు.

నా పేచీ చదివిన తీరుతో. ఆయన మాట మాటకూ ఆగి, విడదీసి చదివారు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు అలా మాట్లాడరు. చిన్న మాటలను మింగేస్తారు. 'కప్ ఆఫ్ టీ' నోట్లో పడితే 'కప్పటీ' అవుతుంది. మన పిల్లలకు అందులో కప్ప వినిపిస్తుంది! నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, నేర్పాల్సింది ఆ కప్పనే. దుబాయ్, మస్కట్ పోయొచ్చిన మన అన్నలను అడిగి చూడండి, బోర్డు మీది ఇంగ్లిష్ కష్టమా, సూపర్‌వైజర్ నోటి ఇంగ్లిష్ కష్టమా అని.

తర్వాత సారు ఒక మంచి పని చేశారు. పుస్తకాలు మూయించి, ఫోన్లో చిన్న సంభాషణ పెట్టారు. బస్టాండులో ఇద్దరి మాటలు, మామూలు వేగంతో. తరగతి నిశ్శబ్దమైంది. నా ముందు బల్లలో ఒకమ్మాయి పక్కపిల్ల చెవిలో గోర్‌బోలీలో గుసగుసగా చెప్పింది: బస్సు పోయిందట, ఇంకోటి గంట తర్వాతనట. సారు చూశారు. "ఇంగ్లిష్ క్లాసులో మీ భాష వద్దు" అన్నారు. ఇద్దరూ తలలు దించుకున్నారు. తర్వాత బస్సు ఎప్పుడని ఆయన అడిగితే ఎవరూ లేవలేదు. తెలిసిన పిల్ల కూడా లేవలేదు.

ఆ పీరియడు మొత్తంలో నిజంగా విన్నది ఆ పిల్లే. ఇంగ్లిష్‌లో విన్నది, అర్థం పట్టుకుంది, తన మాటలో ఇంకొకరికి అందించింది. వినికిడి పాఠం కోరేది ఇంతకన్నా ఏముంది? మన గోర్‌బోలీకి సొంత లిపి లేదు. పాట, సామెత, వంశాల కథ అన్నీ చెవి దారినే వచ్చాయి. తండా పిల్లలు బడికొచ్చి తెలుగు నేర్చుకున్నదీ ముందు చెవితోనే. అలాంటి చెవులున్న పిల్లలకు వినడం రాదని ఎట్లా రాసుకుంటాం?

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 1956లోనే రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చారు. పదో తరగతికి అది వర్తించదనొచ్చు. నేనడిగేది గోర్‌బోలీలో పాఠం కాదు, రెండు నిమిషాలు. ఒకసారి వినిపించాక, విన్నదేమిటో పక్కవాళ్లతో ఏ భాషలోనైనా చెప్పుకోనివ్వండి. మళ్లీ వినిపించి, అప్పుడు ఇంగ్లిష్‌లో అడగండి. తెలుగు పిల్లలు తెలుగులో గుసగుసలాడితే ఏ సారూ అంతగా ఉలిక్కిపడరు.

గంట కొట్టాక ఆ పిల్లను గోర్‌బోలీలోనే పలకరించాను. ముందు సిగ్గుపడింది, తర్వాత సంభాషణంతా వరసగా చెప్పింది. నేను వినకుండా వదిలేసిన టికెట్ ధరతో సహా.