వల మనది, చట్టం వాళ్లది

'ప్రపంచ పాలన' అంటారు. అందులో ప్రపంచం ఎంత? నెల్లూరు తీరంలోని పట్టపుపాలేలకు ఈ ప్రశ్న రొయ్య రూపంలో వచ్చింది.

సముద్ర తాబేళ్లకు హానిచేసే వలల్లో పట్టిన రొయ్యను కొనమని అమెరికా 1989లో చట్టం చేసింది. 1996లో దాన్ని ప్రపంచమంతటికీ రుద్దింది. తాబేలు బతకాలి, అందులో పేచీ లేదు. కాని కరీబియన్ దేశాలకు మూడేళ్ల గడువు, ఆసియా దేశాలకు నాలుగు నెలలా? భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. సరిహద్దులో శత్రువులు సరుకు దగ్గర ఒకే పక్షం! ముస్లిం కనబడితే పాకిస్తాన్‌ను గుర్తుచేసుకునేవాళ్లకు ఈ పొత్తు కనబడదు.

1998 తీర్పు: చట్టం సరే, అమల్లో వివక్ష తప్పు. అమెరికా అమలు సవరించుకుంది, చట్టం మిగిలింది. ఆ అప్పీలు సంస్థనే, నియామకాలు అడ్డుకుని, 2019 డిసెంబరులో పడుకోబెట్టింది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ గుమ్మం మూసే ఉంది.

ఇరాక్‌లోనూ ఇదే వరస. 2003లో రాజ్యం కడతామన్నారు. ఎన్నికలు 2005లో, విదేశీ పెట్టుబడికి తలుపులు 2003 సెప్టెంబరులోనే.

మరి మన 'జాతీయ ప్రయోజనం' ఎవరిది? సంప్రదాయ పద్ధతివి మినహా తీరంలోని రొయ్యల గుంటలు తీసేయమని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి గుంటలను కాపాడింది. అమెరికా నిషేధం గుంట రొయ్యకు ఎప్పుడూ లేదు. వల విసిరేవాడు వాషింగ్టన్ లెక్కలోనూ లేడు, ఢిల్లీ లెక్కలోనూ లేడు.