ఎవరా పెద్దలు?

"అన్నారు పెద్దలు" అన్న మాట వ్యాసంలో కనిపిస్తే చాలు, నాకు అడగబుద్ధేస్తుంది. ఎవరండీ ఆ పెద్దలు? ఎప్పుడన్నారు? ఏ పుస్తకంలో అన్నారు? ఇంట్లో కబుర్లాడుకునేటప్పుడు పర్వాలేదు. మామ్మగారు సామెత చెబితే పేజీ నెంబరు అడిగేవాళ్లెవరూ ఉండరు. కాని కాలేజీకి రాసిచ్చే వ్యాసంలో, డాక్టరేటు కోసం సమర్పించే సిద్ధాంత గ్రంథంలో ఈ పేరులేని పెద్దలు బైఠాయిస్తే ఊరుకోవడం కష్టం.

మా బంధువుల్లో తెలుగు ఎమ్మే చదివే ఆడపిల్లలున్నారు. పిల్లలు చేతికందొచ్చాక సార్వత్రిక విశ్వవిద్యాలయంలో మళ్లీ పుస్తకం పట్టిన ఇల్లాళ్లూ ఉన్నారు. వ్యాసం రాసి ఓసారి చూసిపెట్టమంటారు. చెప్పొద్దూ, చాలావాటికి ఒకటే జబ్బు. సొంత వాక్యాలు రెండు, ఆపైన ఎవరిదో పేరా, మళ్లీ సొంత వాక్యం ఒకటి, మళ్లీ ఇంకెవరిదో పేరా. అతుకుల బొంత అందామంటే, బొంతకైనా కుట్టిన దారం కనిపిస్తుంది. ఇక్కడ అదీ లేదు.

ఇతరుల మాట తెచ్చుకోవడం తప్పని నేననడం లేదు. చదువంటేనే అప్పు. ఎవరి దగ్గర తెచ్చామో చెప్పడమే మర్యాద. ఈ పట్టింపు ఎక్కడో పైదేశాల నుంచి దిగుమతైందనుకునేవాళ్లు కోలాచల మల్లినాథసూరిని ఒక్కసారి తలుచుకోవాలి. మెదక్ ప్రాంతపు కొల్చారం ఆయనది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ మొదట్లోనే నియమం పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని. ఒక మాటకు అర్థం చెబితే అది అమరంలోదో, విశ్వంలోదో, నిఘంటువు పేరు పక్కనే పెట్టాడు. నన్నడిగితే వ్యాసరచన పాఠమంతా ఆ రెండు నియమాల్లోనే ఉంది. మన పిల్లలు మొదటిదాన్ని భయంకొద్దీ అంతో ఇంతో పాటిస్తారు. రెండోదాని జోలికే పోరు.

ఆ భయం ఎక్కడిదంటే, 2018లో యూజీసీ వారు గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చారు. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతతో పోలిక పది శాతం లోపైతే శిక్ష లేదు. పది దాటి నలభై వరకూ ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. నలభై దాటి అరవై వరకూ అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు. అరవై దాటిందా, రిజిస్ట్రేషనే రద్దు. మంచి పనే. కాని దీన్నుంచి కొందరు నేర్చుకున్న పాఠం వేరు. యంత్రానికి దొరక్కుండా "స్త్రీ" అన్నచోట "మహిళ" అనీ, "చెప్పెను" అన్నచోట "పేర్కొన్నారు" అనీ మారుస్తున్నారు. దొంగసొత్తుకు రంగు వేసినంత మాత్రాన అది మన సొత్తవుతుందా? మాటలు మార్చినా ఆలోచన వారిదే కనుక పేరు చెప్పాల్సిందే. మాటలు కూడా వారివే అయితే ఉల్లేఖన చిహ్నాలు పెట్టాల్సిందే. అసలు పుస్తకం చూడకుండా ఇంకొకరి పుస్తకంలో చూసి రాస్తే, ఆ ఇంకొకరి పేరూ చెప్పాల్సిందే. ఈమధ్య ఇంకో వింత వచ్చింది. కంప్యూటరును అడిగితే లేని పుస్తకానికి కూడా పేజీ నెంబరుతో సహా ఆధారం ఇచ్చేస్తుంది ఒక్కోసారి. తెరిచి చూడని పుస్తకాన్ని సాక్ష్యానికి పిలవకూడదు.

ఇంత పట్టుదల దేనికని అడుగుతారేమో. ముద్దుపళని సంగతి చూడండి. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండి "రాధికాసాంత్వనం" రాసిన కవయిత్రి. తర్వాత చాలామంది ఆవిడను మరిచిపోయారు. తంజావూరు కాలపు సాహిత్యం గురించి ఎవరో రాసిన మాటల్లో ఆ పేరు చూసి, బెంగుళూరు నాగరత్నమ్మ పుస్తకం కోసం వెతికారు. అచ్చుప్రతి దొరికింది. తర్వాత రాతప్రతీ చేతికొచ్చింది. తీరా చూస్తే 1887లో అచ్చయినదాంట్లో కొన్ని పద్యాలు లేవు. కవయిత్రి తన గురించి, తన ఇంటి ఆడవాళ్ల గురించి చెప్పుకున్న అవతారికా లేదు! నాగరత్నమ్మ అన్నీ చేర్చి 1910లో వావిళ్లవారి చేత మళ్లీ అచ్చు వేయించారు. ఒకరు పేరు ప్రస్తావించబట్టి దారి దొరికింది. ఇంకొకరు అవతారిక తీసేయబట్టి ఆ దారి మూసుకుపోబోయింది. ఆధారం చూపడమంటే నాకు తెలిసిన అర్థం ఇదే. మన తర్వాత వచ్చేవాళ్లకు దారి ఉంచడం.

ఇక అవసరం సంగతి. తెచ్చిన మాట మన మాటలో కలవాలి. "ముద్దుపళని గొప్ప కవయిత్రి అని విమర్శకులు అభిప్రాయపడ్డారు" అని రాస్తే ఎవరికేం తెలిసింది? అదే ఇలా రాశారనుకోండి: "ముద్దుపళని శృంగారాన్ని వీరేశలింగంగారు తప్పుపట్టారు. నాగరత్నమ్మ తన 1910 ముద్రణ పీఠికలో దీన్ని ప్రశ్నించారు, మగకవులకు లేని అభ్యంతరం ఈమెకెందుకని. కాబట్టి ఇక్కడ తగాదా శృంగారం గురించి కాదు, రాసింది ఎవరన్నదాని గురించి." మొదటి రెండు వాక్యాల్లో ఎవరు, ఎక్కడ, ఏమన్నారో ఉంది. మూడోది రాసినామె సొంతం. ఆ మూడో వాక్యం రాయలేకపోతే మొదటి రెండూ తెచ్చుకోవడం అనవసరం. పెద్ద పేరు చూపించి మార్కులు అడగడమే అవుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఒకటుంది. జానపద గేయాల మీద, పెళ్లిపాటల మీద రాసిన వ్యాసాలు కొన్ని చూశాను. ప్రొఫెసరుగారి పుస్తకానికి సంవత్సరం, పేజీ అన్నీ శ్రద్ధగా ఇస్తారు. పాట దగ్గరికొచ్చేసరికి "ఒక వృద్ధురాలు పాడగా సేకరించినది" అంటారు. ఆ వృద్ధురాలికి పేరు లేదా? ఊరు లేదా? పదహారు చరణాలు జ్ఞాపకం పెట్టుకున్నామె ఆధారం కాదా? ఆవిడ వద్దంటే సరే, గౌరవించాలి. అసలు అడగనే అడగకపోవడం ఏం న్యాయం? 1887లో ఒక అవతారిక తీసేశారని ఇప్పుడు కోప్పడతాం. మనం కూడా అదే పని తీరిగ్గా, డిగ్రీ కోసం చేస్తే ఎవరు కోప్పడాలి?

అందుకే వ్యాసం తెచ్చిన అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే. పుస్తకం తెరిచినప్పుడే పేరు, సంవత్సరం, పేజీ నోటుబుక్కులో రాసుకోండి. తర్వాత వెతుక్కుందాంలే అంటే దొరకదు. పాట వినడానికి వెళితే, పాట కన్నా ముందు ఆవిడ పేరు రాసుకోండి.