మెడ మీద చెయ్యి వేసే ముందు

మెడనొప్పితో ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లే మనిషి ఎదురుచూసేది చేతివైద్యం కోసం. ఎక్కడో నొక్కుతారు, కాస్త లాగుతారు, పట్టు వదులుతుంది అనుకుంటాడు. తీరా వెళ్తే ప్రశ్నలు మొదలవుతాయి. ఎలా పడ్డారు? ఎంత ఎత్తు నుంచి? నేలకు ముందు తగిలింది తలేనా? వేళ్లలో తిమ్మిరి ఉందా? నడుస్తుంటే తూలుతున్నారా? చొక్కా గుండీలు పెట్టుకోవడం ఈమధ్య కష్టమైందా? ఈ విచారణ చూసి విసుక్కునేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ మెడ విషయంలో ఫిజియోథెరపీ విద్యకు ప్రాణం ఈ విచారణే. ఏ మెడను ముట్టుకోకూడదో, దేన్ని కదిలించి తీరాలో తేల్చుకున్నాకే చేతి పనితనానికి విలువ. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు మెడ నిర్మాణం చూడాలి.

మెడలో పూసలు ఏడు. నాలుగున్నర, అయిదు కిలోల తలను మోస్తూనే అన్ని దిక్కులకూ తిరగాలి కాబట్టి, నడుము పూసలకున్న దిట్టతనం వీటికి లేదు. అందులో పై రెండూ మరీ ప్రత్యేకం. మొదటి పూసకు ముందువైపు దిమ్మలాంటి భాగమే ఉండదు, అది వట్టి ఉంగరం. రెండో పూస నుంచి పన్ను ఆకారంలో ఒక కొమ్ము లేచి ఆ ఉంగరంలోకి దూరి ఉంటుంది. మనం తల పక్కకు తిప్పినప్పుడు ఆ తిరుగుడులో దాదాపు సగం ఈ కొమ్ము చుట్టూనే జరుగుతుంది. ఈ రెండు పూసల మధ్య డిస్కు లేదు. కొమ్ము వెనక్కి జరిగి వెన్నుపామును నొక్కకుండా ప్రధానంగా కాపాడేది అడ్డంగా బిగిసి ఉన్న ఒక లిగమెంటు పట్టీ. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు సాధారణంగా ఆరో పూస దగ్గర పక్క రంధ్రాల్లోకి దూరి, పూస పూసనూ దాటుకుంటూ పైకెళ్లి, మొదటి పూస మీద వంపు తిరిగి పుర్రెలోకి ప్రవేశిస్తాయి. ఊపిరికి ఆధారమైన డయాఫ్రమ్ కండరాన్ని నడిపే నరం మూడు, నాలుగు, అయిదు మెడ నరాల నుంచి పుడుతుంది. ఇన్ని ముఖ్యమైనవి ఇంత ఇరుకులో సర్దుకున్న చోటు ఒంట్లో మరొకటి అరుదు. సెలూన్లో కటింగు అయ్యాక తలను పట్టుకుని టక్కున ఒక్క మెలిక తిప్పించుకునే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఆ శబ్దం వినిపిస్తే హాయనుకునేవాళ్లకు ఆ మెలిక ఏయే భాగాల మీదుగా పోతుందో తెలియదు.

మొదటి పూస ఉంగరం కావడం వల్ల అది విరిగే తీరూ విచిత్రంగా ఉంటుంది. నడినెత్తిన పెద్ద దెబ్బ తగిలితే, లోతు లేని నీళ్లలోకి తలకిందులుగా దూకితే, ఆ భారం పుర్రె గుండా దిగి ఉంగరాన్ని నాలుగు వైపులకూ బద్దలు కొడుతుంది. బ్రిటిష్ నాడీ శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ 1920లో దీన్ని వివరించడంతో ఇది ఆయన పేరుతోనే స్థిరపడింది. ముక్కలు బయటికి పోతాయి కాబట్టి లోపల వెన్నుపాముకు తరచుగా ఏమీ కాదు. అసలు ఆ మట్టంలో ఉంగరం లోపలి జాగాలో సుమారు మూడో వంతు కొమ్ముది, మరో మూడో వంతు వెన్నుపాముది, మిగిలినది ఖాళీ. ఆ ఖాళీయే మనిషిని కాపాడుతుంది. మోసం చేసేదీ అదే. మెడ పూస విరిగిన మనిషి తన కాళ్ల మీద తాను నడిచొచ్చి, మెడ పట్టేసిందండీ అని కుర్చీలో కూర్చోగలడు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కాబట్టి ఎముకకు ఏమీ కాలేదనే లోకజ్ఞానం ఇక్కడ పనికిరాదు.

నొప్పి ఎక్కువైతే ప్రమాదం ఎక్కువన్న లెక్క కూడా నిలవదు. పార పట్టి బంకమట్టి తవ్వే కూలీల్లో కనిపించినందుకు వాళ్ల పేరే పెట్టిన ఒక ఫ్రాక్చరు ఉంది. మెడ కింద చేతికి తగిలే బొడిపె, అంటే ఏడో పూస వెనక ముల్లు, కండరాల లాగుడికి పుటుక్కున విరుగుతుంది. ప్రాణం పోయినంత నొప్పి, కానీ వెన్నెముక స్థిరత్వానికి లోటు లేదు. కొన్నాళ్లు బరువులు మానితే చాలావరకు సర్దుకుంటుంది. దీనికి పూర్తిగా ఎదురు రెండో పూస కొమ్ము విరగడం. బాత్రూములో కాలుజారి ముందుకు పడిన డెబ్భై ఏళ్ల మనిషికి నుదుటి మీద బొప్పి కట్టి ఉంటుంది, మెడ కాస్త సలుపుతుంటుంది. ఇంట్లో అందరి చూపూ బొప్పి మీదే. నుదురు నేలకు తగిలిన క్షణంలో మెడ వెనక్కి విరుచుకుపోయిందన్న సంగతి ఎవరికీ తట్టదు. అండర్సన్, డీ అలోంజో అనే వైద్యులు 1974లో ఈ కొమ్ము ఫ్రాక్చర్లను మూడు రకాలుగా విడదీశారు. వాటిలో మొదలంట విరిగే రెండో రకం ముసలివాళ్లలో ఒక పట్టాన అతుక్కోదు. అలాంటి మెడకు నూనె పెట్టి రుద్ది, పట్టు వదిలించడానికని తిప్పడానికి మించిన అపాయం లేదు.

చూపూ, స్పర్శా, నొప్పి తీవ్రతా మూడూ మోసం చేయగలిగినప్పుడు ఏది నమ్మాలి? ఇక్కడే ప్రశ్నలకు శాస్త్రీయమైన బలం వచ్చింది. కెనడాలో ఇయాన్ స్టీల్ బృందం పది ఆసుపత్రుల్లో 8,924 మంది గాయపడినవాళ్లను పరిశీలించి 2001లో ఒక నియమావళిని ప్రకటించింది. మనిషి స్పృహలో ఉండి, నాడి, ఊపిరి నిలకడగా ఉంటేనే ఇది వర్తిస్తుంది. ముందు మూడు ప్రశ్నలు: వయసు 65 నిండిందా, దెబ్బ తగిలిన తీరు ప్రమాదకరమైనదా, కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లున్నాయా. మూడింట్లో ఏ ఒక్కటి అవునన్నా మెడను కదిలించకుండా స్కానింగుకు పంపాలి. ప్రమాదకరమైన తీరు అనడానికి పెద్ద ఎత్తేమీ అక్కర్లేదు. ఒక మీటరు, లేదా అయిదు మెట్లు చాలు. మూడూ కాదంటే, అప్పుడు రెండో మెట్టు. నొప్పి ఆలస్యంగా మొదలైందా, దెబ్బ తగిలాక ఎప్పుడైనా నడిచాడా వంటి తక్కువ అపాయం గుర్తుల్లో ఒక్కటైనా ఉంటే, తలను తనంతట తాను రెండు వైపులకూ 45 డిగ్రీలు తిప్పగలడేమో చూడమంటారు. తిప్పగలిగితే స్కానింగు అక్కర్లేదు. నడవడం ఇక్కడ కేవలం తర్వాతి పరీక్షకు అనుమతి, అంతకు మించి దానికి విలువ లేదు. ఆ 8,924 మందిలో ముఖ్యమైన మెడ గాయం ఉన్నవాళ్లు 151 మంది. నియమం ఆ అందరినీ పట్టుకుంది.

తెలంగాణ పల్లెల్లో ఈ ప్రశ్నల అవసరం గురించి వేరే చెప్పక్కర్లేదు. తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుడి విషయంలో ఎత్తు అడిగే పనే లేదు. అతన్ని ఇద్దరు భుజాల కింద చేతులు వేసి లేపి, ఆటోలో కూర్చోబెట్టడమే అసలు తప్పు. కల్లు గీసేవాళ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లు, బెల్టుల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అది పడకుండా చూసే ఏర్పాటు. పడ్డాక తలా మెడా మొండెమూ ఒకే వరసలో ఉంచి బల్ల మీద ఎత్తుకెళ్లాలన్న తెలివిడి ఊరి యువకుల దాకా ఇంకా చేరాల్సే ఉంది.

ఇంతదూరం వచ్చాక ఒక న్యాయమైన అభ్యంతరం ఎదురవుతుంది. సీటీలూ, ఎమ్మారైలూ జిల్లా కేంద్రాల్లోనే దొరుకుతుంటే ఈ ప్రశ్నల తతంగం దేనికి, అందరికీ ఒక ఫొటో తీస్తే పోలేదా అని. అనుమానం ఉన్నచోట తీయాల్సిందే, దానికి తిరుగులేదు. కానీ అందరికీ తీస్తే వచ్చే చిక్కు ఖర్చూ రేడియేషనూ మాత్రమే కాదు. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మంది మెడలకు ఎమ్మారై తీసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 87.6 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. అంటే నొప్పి లేని మెడల్లో కూడా ఎమ్మారై ఏదో ఒకటి చూపిస్తూనే ఉంటుంది. రిపోర్టులో ఆ మాట చదివిన రోగి ఆనాటి నుంచి మెడ తిప్పడానికే జంకుతాడు, బైకు ఎక్కడం మానేస్తాడు, కాలరు కొనుక్కుంటాడు. ఫొటో చెప్పేది రోగి చెప్పేదానితో కుదిరితేనే దానికి అర్థం. కుదిరిందో లేదో చూడటానికి రోగిని అడగాలి, పరీక్షించాలి. తిరిగి తిరిగి ప్రశ్నల దగ్గరికే వస్తున్నాం.

చేతితో చేసే పరీక్షల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. పై పూసల లిగమెంట్లు తెగాయా అని తలను పట్టి చూసే పరీక్షలు ఫిజియోథెరపీ పాఠాల్లో ఉన్నాయి. వాటి నమ్మకం తక్కువ. గట్టి దెబ్బ తగిలిన మెడలో అనుమానం ఉంటే పరీక్ష చేసి చూడటమే తప్పు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలోనూ, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలోనూ ఏ దెబ్బా లేకుండానే కొమ్మును కాసే ఆ అడ్డ పట్టీ సడలి ఉండవచ్చు కాబట్టి వాళ్ల మెడను మెలితిప్పే పనే పెట్టుకోకూడదు. ధమనుల సంగతి ఇంకా సున్నితం. మెడను వేగంగా మెలితిప్పితే ధమని లోపొర చీలి పక్షవాతం వస్తుందన్న భయం చాలాకాలంగా ఉంది. కెనడాలోని ఒంటారియో లెక్కలతో 2008లో వచ్చిన అధ్యయనం దీన్ని కాస్త తిరగేసింది. అలాంటి పక్షవాతానికి ముందు మెడ సర్దేవాళ్ల దగ్గరికి వెళ్లిన ముద్ర ఎంత ఉందో, మామూలు డాక్టరు దగ్గరికి వెళ్లిన ముద్ర కూడా అలాగే ఉంది. ధమని అప్పటికే చీలడం మొదలై, ఆ నొప్పికే వాళ్లు వైద్యం వెతుక్కుని ఉండవచ్చన్నమాట. దీన్ని చూపించి, అయితే మెలితిప్పడంలో తప్పేమీ లేదంటారు కొందరు. నాకు అందులో కనిపించేది దానికి ఎదురు పాఠం: చీలుతున్న ధమని మామూలు మెడనొప్పి వేషంలో తలుపు తడుతుందంటే, ఇదివరకెన్నడూ ఎరగని నొప్పా, మాట తడబడుతోందా, చూపు రెండుగా కనిపిస్తోందా అని అడగాల్సిన బాధ్యత మరింత పెరిగినట్టే.

ఎముకలు కట్టడంలో మనకు మన సంప్రదాయమూ ఉంది. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో చెయ్యో కాలో కదలకుండా బిగించే ఆ నేర్పును తక్కువ చేయనక్కర్లేదు. కదలకుండా ఉంచితే ఎముక అతుకుతుందన్న సూత్రమే ఆధునిక వైద్యానిదీ. కానీ ముంజేతి ఎముక లోపల మూలుగ ఉంటుంది, మెడ పూస లోపల వెన్నుపాము ఉంటుంది. మెడకు చేతితో సరిచూసి కట్టే విద్య వర్తించదు.

కదలకుండా ఉంచడం ఎంతకాలం అన్నది తర్వాతి ప్రశ్న, ఇందులో ఫిజియోథెరపీ గత యాభై ఏళ్లలో వైద్యుల ఆలోచనను కూడా మార్చింది. అస్థిరంగా విరిగిన మెడకు ఒకప్పుడు వాడకం ఎక్కువగా ఉన్న హేలో అనే లోహవలయం, పుర్రెకు మరలతో బిగించి ఛాతీ జాకెట్టుకు కలిపేది, 1959లో కాలిఫోర్నియాలో జాక్వెలిన్ పెర్రీ, వెర్నన్ నికెల్ ప్రకటించిన పరికరం. పోలియోతో మెడ నిలపలేనివాళ్ల కోసం పుట్టింది. పెర్రీ శస్త్రవైద్యురాలు కాకముందు సైన్యంలో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేసిన మనిషి. హేలో అయినా గట్టి కాలరైనా బిగించిన వారాల్లో ఫిజియోథెరపిస్టుకు మెడ మీద పని లేదు, మిగతా ఒళ్లంతా పనే. తన పాదాలు తనకు కనిపించని మనిషికి మెట్లు దిగడం నేర్పాలి, ఊపిరితిత్తుల్లో కఫం పేరకుండా చూడాలి, భుజాలు బిగుసుకోకుండా ఆడించాలి, గడ్డం కిందా తల వెనకా కాలరు ఒరుసుకుని పుండు పడకుండా కనిపెట్టాలి.

ఎముక విరగని మెడకు ఇదే కాలరు శత్రువు. వెనక నుంచి కారు గుద్దినప్పుడు మెడ విదిలించుకుపోయే గాయాల్లో, కాలరు పెట్టి పడుకోబెట్టినవాళ్ల కన్నా తొలినాళ్ల నుంచే మెడ కదిలించినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారని 1986లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అధ్యయనం వచ్చింది. అయినా మన మందుల షాపుల్లో మెత్తటి కాలర్లు అడిగినవాళ్లకు అడిగినట్టు అమ్ముడవుతూనే ఉన్నాయి. నొప్పి వచ్చిన మెడలో గొంతు వెనక, పూసలకు ఆనుకుని ఉండే లోతు కండరాలు పని తగ్గించేస్తాయి. పైకి కనిపించే కండరాలు ఆ భారం నెత్తినేసుకుని బిగిసిపోతాయి. ఆస్ట్రేలియాలో గ్వెండలిన్ జుల్ బృందం దీనికొక చక్కటి పరీక్ష కనిపెట్టింది. వెల్లకిలా పడుకున్న మనిషి మెడ కింద చిన్న గాలిసంచి పెట్టి 20 ఎంఎం పీడనానికి ఊదుతారు. తల ఎత్తకుండా, అవునన్నట్టు మెల్లగా గడ్డం దించుతూ దాన్ని 22, 24 అలా 30 దాకా తేవాలి, ఒక్కోచోట పది సెకన్లు నిలపాలి. చూడటానికి పిల్లలాట. మెడ పైకండరాలు ఉబ్బకుండా 26 దాటలేని వాళ్లను చూస్తే ఆ లోతు కండరాలు ఎంత మందగించాయో తెలుస్తుంది. ఆ పరీక్షే తర్వాత వ్యాయామం అవుతుంది.

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల దగ్గర ఈ విద్య మరీ నిక్కచ్చిగా ఉండాలి. అయిదో మెడ నరం మట్టం దాకా మిగిలితే మోచెయ్యి ముడుస్తాడు, ఆరో మట్టం మిగిలితే మణికట్టు పైకెత్తుతాడు, ఏడోది మిగిలితే మోచెయ్యి చాచి పక్క మీద నుంచి చక్రాల కుర్చీలోకి తనను తాను నెట్టుకోగలడు. ఒక్క మట్టం తేడాతో రోజువారీ జీవితమే మారిపోతుంది. ఆరో మట్టం దాకా మిగిలినవాళ్లకు వేళ్లు ముడిచే కండరం పనిచేయదు. అయినా మణికట్టు పైకెత్తితే వేళ్ల స్నాయువులు తమంతట బిగిసి, వేళ్లు ముడుచుకుని బొటనవేలికి ఆనుతాయి. చెంచా, పెన్ను, గ్లాసు ఆ పట్టుతోనే పట్టుకుంటారు. ఇది దక్కాలంటే వేళ్ల స్నాయువులు కొంచెం పొట్టిగా ఉండిపోవాలి. అందుకని ఫిజియోథెరపిస్టు వేళ్లు చాచేటప్పుడు మణికట్టును వంచి ఉంచుతారు, మణికట్టు ఎత్తేటప్పుడు వేళ్లను ముడవనిస్తారు. రెండూ ఒకేసారి చాచరు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రోజూ అరచెయ్యి నేలకు ఆనించి వేళ్లన్నీ సాగదీస్తే ఆ స్నాయువులు సాగి, ఆ పట్టు పోతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ముందు ఇంటివాళ్ల చేత వేళ్లు చాచే సరైన పద్ధతి చేయించి చూసుకోవడం మంచి చికిత్సకులు మానరు.