ముందు ఆగడం నేర్పాలి, ఆ తర్వాతే పరుగు

1994లో వచ్చిన మారుతి ఎస్టీమ్ తొంభైలలో మధ్యతరగతి ఇంటికి ఒక హోదా. అదే కారు చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఏళ్ల తరబడి పందేల్లోనూ పరిగెత్తింది. బరువు సుమారు 875 కిలోలు. తర్వాతి మోడళ్లలోని 1.3 లీటర్ల, 16 వాల్వుల ఇంజిన్ శక్తి 85 బీహెచ్‌పీ. తక్కువ ధరకు దొరికే పాత కారును ట్రాక్‌కి సిద్ధం చేసుకోవాలనుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

చవక బండితో పందెం నేర్చుకోవడం దక్షిణాదికి కొత్త కాదు. చెన్నై దగ్గరి రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం రన్‌వే మీద దశాబ్దాలపాటు రేసులు జరిగాయి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది. రేసర్ కరివర్ధన్ మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కారు తయారుచేశారు. ఆ కార్లలో రేసింగ్ మొదలుపెట్టిన నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్ దాకా వెళ్లారు.

ట్రాక్ డే అంటే పందెం కాదు. రుసుము కట్టి, హెల్మెట్ పెట్టుకుని, జెండాలకు కట్టుబడి, అనుమతించిన చోటే ముందు కారును దాటుతూ మన నైపుణ్యాన్ని పరీక్షించుకునే రోజు.

కారు కొనేటప్పుడు పెయింటు చూడకండి, అడుగు భాగం చూడండి. ఇంజిన్ మళ్లీ కట్టించుకోవచ్చు. సస్పెన్షన్ బిగించే చోట తుప్పు తినేస్తే ఆ కారును వదిలేయాలి.

మొదటి ఖర్చు బ్రేకులకే. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపితే, 60లో ఆపినప్పటికంటే నాలుగు రెట్ల వేడి పుడుతుంది. ట్రాక్‌లో ప్రతి మలుపు ముందూ ఇదే తంతు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినది 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే లైన్లలో ఆవిరి బుడగలు చేరి పెడల్ నేలకు తగులుతుంది. అందుకే కొత్త ఆయిల్, వేడికి తట్టుకునే ప్యాడ్లు, మంచి టైర్లు ముందు. ట్రాక్ దిగే ముందు ఒక రౌండు నెమ్మదిగా తిప్పి బ్రేకులు చల్లారనివ్వాలి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకూడదు. గేరులో ఉంచి చక్రాల కింద అడ్డు పెట్టాలి.

తర్వాత డ్రైవర్ రక్షణ: ఒంటిని కదలనివ్వని సీటు, హార్నెస్, అతుకు లేని స్టీలు గొట్టాలతో రోల్ కేజ్. తల తగిలే చోట గొట్టానికి ప్యాడింగ్ తప్పనిసరి.

ఆపైన బరువు. వెనక సీట్లు, కార్పెట్లు, స్టెప్నీ, ఏసీ, చప్పుడు ఆపే తారు షీట్లు తీసేయాలి. అలా 100 కిలోలు తగ్గించగలిగితే ఇంజిన్‌కు దాదాపు 11 బీహెచ్‌పీ కలిపినట్టే. పెంచిన శక్తి పరుగుకే పనికొస్తుంది. తగ్గిన బరువు పరుగుకీ, మలుపుకీ, ఆగడానికీ పనికొస్తుంది.

అరిగిన బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్చి వీల్ అలైన్‌మెంట్ సరిచేయిస్తే కారు స్టీరింగ్ మాట వింటుంది. పొడవైన మలుపుల్లో ఇంజిన్ అడుగున ఉండే ఛాంబర్‌లోని ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపు గాలి పీల్చి, బేరింగులు దెబ్బతింటాయి. లోపల అడ్డు రేకులు వేయిస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ఇంజిన్ శక్తి పెంచడం అన్నింటికంటే చివరి పని.

ఒక హెచ్చరిక. తయారీదారు స్పెసిఫికేషన్లకు భిన్నంగా రోడ్డు కారును మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి ఇలాంటి కారు ట్రాక్‌కి ట్రైలర్ మీదే వెళ్లాలి.

ఖరీదైన కొత్త కారు డ్రైవర్ తప్పులను ఎలక్ట్రానిక్స్‌తో సర్దేస్తుంది. ఈ పాత కారు ప్రతి తప్పునూ చేతికీ కాలికీ తెలియజేస్తుంది, అదే దాని విలువ. వేగం మీద మోజున్న యువకులారా, ఔటర్ రింగ్ రోడ్డును వదిలేయండి. నలుగురు కలిసి ఒక పాత కారు కొని, ముందు దానికి ఆగడం నేర్పి, ట్రాక్‌కి తీసుకెళ్లండి.