పరీక్షకే ఒక పరీక్ష: పాత వ్యాను, ఎం.ఓ.టి. పత్రము

మన ప్రాంతములలో మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరును జనులు నేటికిని ‘బ్రేకు ఇన్‌స్పెక్టరు’ అనియే పిలుతురు. ఆయన చూచి పంపిన బండికి బ్రేకులు పడునను నమ్మకము ఆ పేరులోనే ఉన్నది. పిల్లలను వ్యానులో బడికి పంపు తల్లిదండ్రులకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు అను కాగితమే ధైర్యము. ఆ ధైర్యమునకు ఆధారమెంత? భారమితిని గాని, ఉష్ణమాపకమును గాని వాడుటకు ముందు దాని కొలతలో దోషమెంతయని విద్యార్థిని అడుగుదుము గదా! వాహన తనిఖీని గూర్చియు ఆ ప్రశ్నయే వేయవలెను.

ఇందులకు బ్రిటనులో జరుగు ఎం.ఓ.టి. పరీక్ష మంచి ఉదాహరణము. అచట పరీక్షా నియమములు, ఫలితములు ప్రజల యెదుటనే ఉన్నవి. బండి నంబరు తెలిసిన వారెవరైనను అది ఏ యేట తప్పినదో, ఎందుకు తప్పినదో ఇంటర్నెట్టులో ఉచితముగా చూడవచ్చును. ఇంత బాహాటముగా ఉంచినందుకు ఆ దేశమువారిని మెచ్చుకొనవలసినదే. విమర్శకు చోటిచ్చినదియు ఆ బాహాటత్వమే.

ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా నుండగా 1960లో ఈ పరీక్ష ఆరంభమైనది. మొదట పదేండ్లు నిండిన బండ్లకే బ్రేకులు, దీపములు, స్టీరింగు చూచెడివారు. తప్పిన బండ్లు మిక్కుటముగా నుండుటచే 1961లో ఆ వయస్సును ఏడేండ్లకును, 1967లో మూడేండ్లకును దించిరి. 1968లో టైర్లు కూడ చేరినవి. మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్టు అను శాఖ పేరు ఏనాడో మారిపోయినది. దాని పొడి అక్షరములు మాత్రము పరీక్షకు మిగిలినవి.

సరకులు మోయు వ్యానులలో నిండు బరువు 3,000 నుండి 3,500 కిలోగ్రాముల వరకు గలవి ఈ పరీక్షలో ‘ఏడవ తరగతి’కి చెందును. ఫోర్డు ట్రాన్సిట్ వంటి వ్యానులలో బరువైనవి ఇందులోనివే. (పాపము, ఏడవ తరగతిలో తప్పువారు అచటను ఎక్కువే.) మొదటి ప్రయత్నములో తప్పు బండ్ల పాలు కార్లలోకంటె ఈ తరగతిలో అధికము. ఇందులో వింత లేదు. వ్యాను దినమంతయు తిరుగును, బరువు మోయును, తరచు యజమాని గాక జీతగాడు నడుపును.

తప్పుటకు కారణములలో దీపములది పెద్ద వాటా. తరువాత కమాను కట్టలు, వాటి బుష్షులు, బాల్ జాయింట్లు, బ్రేకులు, టైర్లు వచ్చును. దీనిని చదివి కంగారు పడనక్కరలేదు. మాడిన బల్బును అయిదు నిమిషములలో మార్చవచ్చును. కుళ్ళిన ఛాసిస్‌ను మార్చలేము. అయినను లెక్కలో రెండును ‘తప్పినది’ అను ఒకే గడిలో పడును. 2018 మే 20 నుండి లోపములను ప్రమాదకరము, పెద్దది, చిన్నది అని విభజించుట ఈ చిక్కును కొంత తీర్చినది. అందుచేత, నూటికి ఇన్ని తప్పినవను అంకెను చూచి ఫలానా వ్యాను అపాయకరమని తీర్పు చెప్పుట తొందరపాటు.

ఇక అసలు చిక్కునకు వత్తము. బ్రేకు పరీక్షలో బండి చక్రములను తిరుగు రోలర్లపై నిలిపి బ్రేకు తొక్కుదురు. చక్రము రోలరును ఎంత బలముతో ఆపజూచునో యంత్రము కొలుచును. అన్ని చక్రముల బలములను కూడి, బండి బరువుచే భాగించి, నూటితో గుణించినచో వచ్చునది బ్రేకు సామర్థ్యము. వ్యానునకు అది కనీసము 50 శాతము ఉండవలెను. అనగా వేగము తగ్గు రేటు గురుత్వ త్వరణములో సగము, సెకనుకు సెకనుకు 4.9 మీటర్లు. గంటకు 48 కిలోమీటర్ల వేగముతో పోవు బండి, బ్రేకు పట్టుకొన్న తరువాత సుమారు 18 మీటర్లలో నిలుచును. v² = 2as అను సూత్రము నేర్చిన విద్యార్థులు ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును. ఇంతవరకు శాస్త్రము చక్కగానే ఉన్నది.

కాని పరీక్షకు వ్యాను సాధారణముగా ఖాళీగా వచ్చును. ఖాళీ వ్యాను వెనుక ఇరుసుపై 800 కిలోల బరువున్నదనుకొందము. టైరుకు రోలరునకు ఘర్షణ గుణకము 0.7 అనుకొందము. అప్పుడు ఆ చక్రములు రోలర్లపై చూపగల గరిష్ఠ బలము 560 కిలోల బరువునకు సమానము. అంతకు మించి తొక్కినచో చక్రములు బిగిసి జారును. సరకు నింపిన పిదప అదే ఇరుసుపై 2,000 కిలోలు పడినదనుకొనుడు. ఆ ఇరుసు తన బరువులో సగము మేరకు ఆపవలెనన్నను 1,000 కిలోల బలము కావలెను. వెనుక బ్రేకు 600 కిలోలకే ఆయాసపడునదైనను, 1,400 కిలోలు ఇయ్యగలదైనను, ఖాళీ బండి పరీక్షలో రెండును ఒకే తీరుగా 560 వద్ద చక్రమును బిగించి కూర్చుండును. లెక్క ప్రకారము 50 శాతము రాకున్నను, సగముకంటె ఎక్కువ చక్రములు బిగిసినచో బ్రేకు చాలునని నియమములే ఒప్పుకొనును. దూడను చూపి ఎద్దును అమ్మినట్లు కాదుగదా ఇది?

దీనికి తోడు, పాత వ్యానులు అనేకములలో వెనుక ఇరుసు దగ్గర, భారమునుబట్టి బ్రేకు ద్రవపు ఒత్తిడిని మార్చు ఒక కవాటముండును. బరువు పెరిగి కమాను కట్ట వంగినపుడు ఒక చిన్న కడ్డీ దానిని కదల్చును. అది బండి అడుగున, బురద చిమ్ము చోట వ్రేలాడుచుండుట వలన తుప్పు పట్టి బిగిసిపోవుట కలదు. ఖాళీ బండి స్థితిలోనే బిగిసినచో, నిండు బరువుతో పోవునపుడు వెనుక చక్రములకు ఒత్తిడి చాలదు. పరీక్షకుడు దానిని కంటితో చూచునే గాని, బరువు నింపి పని చేయించి చూడడు. బ్రేకుల విషయమున నా ముఖ్యమైన ఆక్షేపణ ఇదియే.

రోలరు బాగుగా పట్టగలదియు ఒకటి గలదు. ఒకే ఇరుసుమీది కుడి యెడమ బ్రేకుల బలములలో 30 శాతముకంటె ఎక్కువ తేడా ఉన్నచో బండి తప్పును. ఒక ప్రక్కకు లాగు బండిని పట్టుటలో ఈ యంత్రము మనిషికంటె మేలు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదను నియమమును అట్టిదే. కొలబద్ద చెప్పును, వాదన ఉండదు.

వాదనంతయు తుప్పుతోనే. బ్రిటనులో చలికాలమున మంచు పేరుకొనకుండ రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పు నీరు విద్యుత్తును బాగుగా ప్రవహింపనిచ్చును గనుక, ఇనుము ఆక్సీకరణము చెందుట వేగిరపడును. ఉక్కు బ్రేకు గొట్టము గోడ మందము మూడవ వంతు, అనగా సుమారు పావు మిల్లీమీటరు తగ్గినచో తప్పించవలెనని నియమము. చదువుటకు ఎంత ముచ్చటగా నున్నది! బండి అడుగున నిలబడి, తుప్పు పెళ్ళ కప్పిన గొట్టములో పావు మిల్లీమీటరును ఏ కన్ను కొలువగలదు? గొట్టమును కోసి చూచుటకు వీలులేదు. విడి భాగములను ఊడదీయుటకును అధికారము లేదు. ఛాసిస్‌ను వ్రేలితో నొక్కి, చిన్న పనిముట్టుతో తట్టి, గీకి చూడవలెను. నల్లని తారువంటి పూత దట్టముగా పూసినచో దాని క్రింద ఏమున్నదో తెలియదు. అందుచేత ఒకడు పోనిచ్చిన వ్యానును మరియొకడు తప్పించుట అబ్బురము కాదు. ఇద్దరును నిజాయితీపరులే కావచ్చును. ప్రభుత్వ సంస్థయే కొన్ని బండ్లను మరల చూపించి, మొదటి తీర్పుతో తన తీర్పును పోల్చుచుండును. ప్రతిసారి కొన్నిట తేడాలు కనబడుచున్నవి.

పరీక్షించు గారేజీయే చాలచోట్ల మరమ్మతును చేయును. తప్పించిన లాభము, పోనిచ్చిన వాడుకరి మెప్పు, రెండును దానికే. మరమ్మతు చేయక పరీక్ష మాత్రమే చేయు మునిసిపల్ కేంద్రములు కొన్ని ఉన్నవి. జాగ్రత్తపరులు వాటిని వెదకికొని పోవుదురు. అటులని ప్రభుత్వము చేసినంతనే అంతయు సరియగునని తలపరాదు. ఉత్తర ఐర్లండులో ప్రభుత్వ కేంద్రములే పరీక్షించును. 2020 జనవరిలో అచట బండ్లను పైకెత్తు లిఫ్టులకే పగుళ్ళు కనబడి, కార్ల పరీక్షలు ఆగిపోయినవి.

ఇంకొక లోపము నియమములలోనే ఉన్నది. నిండు బరువు 3,500 కిలోలు దాటిన లారీకి ఏడాది తిరుగగనే తొలి పరీక్ష. దాటని వ్యానునకు మూడేండ్లు సెలవు. 3,500 కిలోల గీటు వద్ద భౌతికశాస్త్రములో ఏ మార్పును లేదు. ఇట్టివానికి తొలి పరీక్షను నాలుగేండ్లకు జరుపవచ్చునా యని 2023లో ప్రభుత్వము జనాభిప్రాయము కోరినది. 2024 జనవరిలో ఆ ఆలోచన మానుకొన్నది. మంచి పని చేసినది. మన దేశములో రవాణా వాహనములకు ఎనిమిదేండ్ల వయస్సు వరకు రెండేండ్లకొకసారియు, పిదప ఏటేటను తనిఖీ గలదు. యంత్రములతో పరీక్షించు కేంద్రములకు 2021లో నియమములు వచ్చినవి. ఖాళీ బండి చిక్కు ఆ రోలర్లకును తప్పదు.

పాత వ్యాను కొనువాడు ఎం.ఓ.టి. పత్రమును ఎట్లు చదువవలెను? ఇంజను, క్లచ్చి, గేర్‌బాక్సు స్థితిని గూర్చి అది ఏమియు చెప్పదు. అది ఆ ఉదయమున, ఆ గారేజీలో, ఖాళీగా నున్న బండిని గూర్చిన మాట. అంతకంటె పనికివచ్చునది గత ఫలితముల చిట్టా. తప్పించక, సలహాగా వ్రాసిన మాటలు అందులో ఉండును. ‘బ్రేకు గొట్టము కొద్దిగా తుప్పు పట్టినది’ అని మూడేండ్లు వరుసగా వ్రాసి, నాలుగవ యేట ఆ మాట మాయమైనచో, గొట్టమును మార్చిరో, పూత పూసిరో బండి క్రింద దూరి దీపము వేసి చూడవలెను. మార్చినచో క్రొత్త గొట్టము మెరయును, దాని రసీదు యజమాని వద్ద ఉండును.