రేకు మీద రెండు దేహాలు

ఇనుప రేకు సంగతి భిలాయివాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. గీకి, జిడ్డు తుడిచి, ప్రైమర్ పూయకుండా రంగేస్తే ఏడాది తిరక్కుండానే పెచ్చులూడుతుందని ఉక్కు ప్లాంటులో అప్రెంటిస్ కుర్రాడికి కూడా తెలుసు. అందుకే మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో బొమ్మల గురించి ఈ ఊరి తెలుగువాళ్లతో మాట్లాడటం నాకు ఇష్టం. ఆవిడ మంచి చిత్రాలు చాలా రేకు మీదే ఉన్నాయి.

1939లో వేసిన ‘అడవిలో ఇద్దరు నగ్నస్త్రీలు’ వాటిలో ఒకటి. ఎత్తు 25 సెంటీమీటర్లు, వెడల్పు 30.5. సినీనటి డోలోరెస్ డెల్ రియోకు కానుకగా వేసింది. 2016 మే నెలలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో అది 80 లక్షల డాలర్లు పలికింది.

రేకు ఎందుకు? 19వ శతాబ్దంలో తగరపు పూత రేకులు చవకై మెక్సికో పల్లెలకు చేరాయి. జబ్బు నయమైనా, ప్రాణగండం తప్పినా ఊరి చిత్రకారుడితో ఆ ఘటనను చిన్న రేకు మీద వేయించి, అడుగున నాలుగు మాటలు రాయించి చర్చికి సమర్పించేవారు. మనవాళ్లు వెండి కళ్లు, వెండి పాదాలు హుండీలో వేసే మొక్కు లాంటిదే. ఫ్రీడా, ఆమె భర్త డియేగో రివేరా ఈ రేకు బొమ్మలను వందలుగా పోగుచేశారు.

కాన్వాస్‌కు నేత ఉంటుంది, నూనెను కొంత పీల్చుకుంటుంది. రేకు అలా పీల్చదు. రంగు పైనే నిలిచి మెరుస్తుంది, సన్న కుంచెతో గీసిన వెంట్రుకంత గీత కూడా చెదరదు. ఫ్రీడా బొమ్మలో ఆకు ఈనెలూ వేళ్ల కొసలూ అంత చిన్న చోట అంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఇదే. చిక్కల్లా రేకు వంగితేనే. వంగిన చోట రంగు పగిలి రాలుతుంది.

ఈ అడవి బొమ్మలో బీటలు తీసిన నేల, పైకి తేలిన వేళ్లు. చామనఛాయ మనిషి కూర్చుని ఉంది, తల మీద ఎర్రటి వస్త్రం. తెల్లటామె ఆమె ఒడిలో తల పెట్టుకుంది. ఆకుల మాటున ఓ కోతి. ఈ జంట అంతకు ముందు ఏడాది వేసిన స్నానపు తొట్టి చిత్రంలో ఓ మూల కనిపిస్తుంది. ఇక్కడ బొమ్మంతా వాళ్లదే. చూసేవాడి కోసం ముస్తాబైన దేహాలు కావివి. నగ్నచిత్రాల్లో నేను గొప్పవాటిగా లెక్కించే కొద్దింటిలో ఇదొకటి.

ధరకు కళ ఒక్కటే కారణం కాదు. 1984లో మెక్సికో ఆమె చిత్రాలను జాతీయ సంపదగా ప్రకటించింది. దేశంలో ఉన్నవాటిని బయటికి అమ్మడానికి వీల్లేదు. అప్పటికే సరిహద్దు దాటినవే అంతర్జాతీయ వేలానికి వస్తాయి. ఆ కొరత కూడా తోడై 2021లో ‘డియేగో, నేను’ సోథెబీస్‌లో 3.49 కోట్ల డాలర్లకు పోయింది.

మన దేశంలో నగ్నచిత్రం చిక్కు వేరు. చిత్రకారులు సూజా, అక్బర్ పదమ్సీల బొమ్మలను అశ్లీలమంటూ ముంబై కస్టమ్స్ పట్టుకుంటే, నగ్నత్వమంతా అశ్లీలం కాదని బొంబాయి హైకోర్టు 2024 అక్టోబరులో ఆ జప్తు ఉత్తర్వును కొట్టేసింది. వందేళ్ల కిందటే రాజమండ్రిలో దామెర్ల రామారావు నగ్న స్త్రీమూర్తులను వేశాడు. 1925లో, ముప్పై నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన బొమ్మలున్న గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది. సెలవులకు అటు వెళ్లే భిలాయి తెలుగువాళ్లు పిల్లలతో సహా ఒక పూట అక్కడ గడపండి.