పాట ఆగితే మెలకువ

మా నాయన పాటలు వినేవాడు అంటే సరిగ్గా చెప్పినట్టు కాదు. ఆయన పక్కన పాటలు మోగుతుండేవి, అంతే.

ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రానికి కాస్త లోపలగా, ఒకరి రొయ్యల గుంటల దగ్గర ఆయన రాత్రి కాపలా ఉండేవాడు. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మా నెల్లూరు తీరంలో పాడుబడిన గుంటలు కూడా మళ్లీ నీళ్లు చూశాయి. నేను ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న రోజులవి. సెలవుల్లో అన్నం క్యారియర్ తీసుకెళ్లి, అక్కడే షెడ్డులో పడుకునేవాణ్ణి. మేత బస్తాలు, నవారు మంచం, గోడకి మోటార్ల స్టార్టర్లు, పక్కనే ప్లగ్గులో ఒక చిన్న స్పీకర్ పెట్టె. రేడియో పలుకుతుంది, మెమరీ కార్డు పెడితే పాటలు పాడుతుంది. బ్యాటరీ ఎప్పుడో పోయింది, కరెంటు ఉంటేనే దానికి నోరు. కార్డులో పాటలు మొబైల్ షాపతను ఎక్కించినవి. వరసా వాయీ లేదు. ఘంటసాల తర్వాత అయ్యప్ప భజన, దాని తర్వాత బాలు, ఆ తర్వాత ఏదో ఐటెం సాంగు.

"ఇంత సౌండు పెట్టుకుని ఎట్టా నిద్రపోతావు నాయనా?" అని అడిగా ఒకసారి.

"సౌండు ఉంటేనే గదరా నిద్ర పట్టేది. ఆగిందంటే మెలకువొచ్చేస్తది" అన్నాడు.

అప్పుడు నవ్వుకున్నా. తర్వాత అర్థమైంది. పగలు నీళ్లలోని నాచు ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి అదే నాచు దాన్ని పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి గుంటలో ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. అందుకే రాత్రంతా ఏరేటర్లు నీళ్లని చిలుకుతూ ఉండాలి. కరెంటు పోయి అవి ఆగాయంటే, జనరేటర్ వేసేదాకా రొయ్యకి గండమే. ఏరేటర్ల హోరు ఆగినా మెలకువ రావచ్చు. కానీ దూరం గుంటల్లో మోటారు ఆగితే ఆ తేడా నిద్రలో తెలియదు. తలకాయ పక్కనున్న పాట ఆగితే తెలుస్తుంది. ఆయనకి ఆ పెట్టె ఒక అలారం. మామూలు అలారం మోగి లేపుతుంది, ఇది మూగబోయి లేపుతుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 2020 సెప్టెంబర్ 25న బాలు పోయాక వచ్చిన నివాళి వ్యాసాలు చాలా చదివాను. ఆయన మా నెల్లూరు మనిషి. అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేసినవాడు కూడా, అందుకని నాలాంటి వాడికి కొంచెం అసూయ ఉంది. గుక్క తిప్పుకోకుండా పాడటం గురించి రాశారు. ఏ నటుడికి పాడితే ఆ నటుడి గొంతు తెచ్చుకోవడం గురించి రాశారు. 'శంకరాభరణం' గురించి సరేసరి. అన్నీ నిజాలే. కానీ ఆ వ్యాసాలన్నిట్లోనూ వినేవాడు చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాట తప్ప ఇంకో పని లేదు వాడికి.

మన పాటల విమర్శ మొత్తానికీ ఇదే సమస్య అనిపిస్తుంది. అది సభలో ముందు వరసలో కూర్చున్న రసికుణ్ణి ఊహించుకుని రాస్తుంది. తెలుగువాళ్లు పాటలు విన్నది ఎక్కువగా అలా కాదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబర్‌లో మొదలైంది. వివిధ భారతి 1957లో వచ్చింది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ఎదురుచూసిన తరం ఇంకా మన ఇళ్లల్లో ఉంది. ట్రాన్సిస్టర్ వచ్చాక రేడియో గూట్లోంచి దిగి కుట్టుమిషన్ పక్కకీ, మంగలి షాపులోకీ, పొలం గట్టుకీ, పడవలోకీ వెళ్లింది. వాతావరణ వార్తల కోసం పెట్టుకున్న రేడియో, ఆ వార్తల మధ్యలో పాటలు పాడింది. వినేవాళ్ల చేతుల్లో కత్తెరో, దువ్వెనో, వలో ఉంది. వాళ్లు సగం చెవితో విన్నారు. ఆ సగం చెవి గురించి మనం రాసింది చాలా తక్కువ.

సగం చెవి అంటే తక్కువ చెవి అని నేననుకోవడం లేదు. అది వేరే చెవి.

దీనికి ముందు ఇంకో కాలం ఉంది. మా తీరంలో ఒడ్డున నిలబడి లాగే వలని అలివి వల అంటారు. పడవలో వెళ్లి వలని సముద్రంలో అర్ధచంద్రంగా దింపి వస్తారు. రెండు కొసల తాళ్లనీ రెండు గుంపులు పట్టుకుని ఒడ్డుకి లాగుతాయి. ఒకడు పిలుపు అందుకుంటాడు, మిగతావాళ్లు బదులిస్తారు, ఆ బదులులోనే లాగుడు ఉంటుంది. ఇక్కడ పాట పక్కన మోగేది కాదు, తాడు లాంటి పనిముట్టు. అది తప్పితే నలభై చేతులు నలభై రకాలుగా లాగుతాయి. ఇక్కడ వినేవాడు వేరే, పాడేవాడు వేరే కాదు.

రేడియో ఈ రెంటినీ విడదీసింది. పాట స్టూడియోలో పుడుతుంది, పని ఇక్కడ జరుగుతుంది. పాట వేగానికీ చేతి వేగానికీ సంబంధం లేదు. సంబంధం లేకపోవడమే మంచిదని కొందరు అనుకున్నారు కూడా. 1940 జూన్ 23న బీబీసీ 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. యుద్ధకాలం, ఫ్యాక్టరీల్లో ఉత్పత్తి పెరగాలి. పనివాళ్ల కోసం రోజూ అరగంట చొప్పున హుషారైన సంగీతం. అయితే చప్పట్లు కొట్టించే ఒక అమెరికన్ పాటని మాత్రం పగటి ప్రసారాల్లో వెయ్యొద్దన్నారు. చప్పట్ల చోట పనివాళ్లు చేతిలోని స్పానర్లతో యంత్రాల మీద దరువేస్తారని భయం. అలివి వల దగ్గర పాట చేతిలోకి రాకపోతే పని ఆగుతుంది, ఫ్యాక్టరీలో పాట చేతిలోకి వస్తే పని ఆగుతుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఒక శతాబ్దపు కూలి చరిత్ర ఉంది.

కాబట్టి పనిలో పాట అనగానే మురిసిపోనక్కర్లేదు. పాట కష్టాన్ని మరిపిస్తుందంటాం. ఎవరి లాభం కోసం మరిపిస్తోంది అని కూడా అడగాలి. మా నాయన నిద్రలో కూడా డ్యూటీ చేశాడంటే అందులో ఆ పెట్టె చేతివాటం ఉంది.

అయినా ఆ సగం చెవి పాటకి కొన్ని పరీక్షలు పెడుతుంది. హోరులో కూడా మాట విడివిడిగా అందాలి. మధ్యలో కాసేపు వదిలేసినా పల్లవి దగ్గర మళ్లీ చెయ్యి అందించాలి. రెండొందల సార్లు మోగినా విసుగు పుట్టకూడదు. సభలో నెగ్గే గమకం ఇక్కడ నెగ్గకపోవచ్చు. బాలు గొప్పతనం నాకు ఇక్కడే తెలిసింది. చవకరకం స్పీకర్‌లో, ఏరేటర్ల చప్పుడులో సగం వాయిద్యాలు కొట్టుకుపోయేవి. ఆయన హల్లులు మాత్రం మిగిలేవి. ఒత్తు ఒత్తుగా, పొల్లు పొల్లుగా. ఆ ఉచ్చారణ ఎంత జాగ్రత్తైనదో హెడ్‌ఫోన్స్‌లో వింటే తెలియదు, రొయ్యల గుంట మీద వింటే తెలుస్తుంది.

రాసినవాళ్లలో ఆ పరీక్ష నెగ్గినవాడు ఆత్రేయ. ఆయనా మా వైపు మనిషే, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు. ఆయన మాటలు తేలిక అని కొందరు చిన్నచూపు చూశారు. నోటి మాటనే పాట మాట చేశాడు కాబట్టి అవి చెవి సగం తెరిచి ఉన్నా లోపలికి దూరిపోతాయి. మా నాయనమ్మ పోయిన రోజు నాయన ఒక వాక్యం అన్నాడు. చాలా మామూలుగా, ఎవరితోనో చెప్పినట్టు. కొన్నాళ్లకి అది ఆ కార్డులోని ఆత్రేయ పాటలో ముక్క అని గుర్తుపట్టాను. ఆయనకి ఆ సంగతి తెలియదు. ఎప్పుడూ కూర్చుని ఆ పాట వినలేదు కూడా. సగం చెవికి చేరింది అదీ. విమర్శ దీన్ని ఏ లెక్కలో రాస్తుంది?

ఇదే ఆత్రేయ పాటలు రాసిన 'మూగమనసులు' (1964)లో గోపి పడవవాడు, రాధ చదువుకునే పిల్ల. ఒక పాటలో రాధ 'చ' అన్నచోట గోపి 'స' అని దిద్దుతాడు. చిన్నప్పుడు అది సరదాగా ఉండేది. ఇప్పుడు చూస్తే ఆ దిద్దుబాటులో కొంచెం గుచ్చుకునేది ఉంది. పాట పనిచేసే నోటిది, చదువుని దిద్దే హక్కు కూడా ఆ నోటిదే. రాధ నొచ్చుకోదు, అలాగే పాడుతుంది. మా నాయన మాత్రం నన్ను చదివించి సంబరపడ్డాడు.

మరి ఆ చదువు నన్ను ఎక్కడికి తెచ్చింది? బెంగళూరులో నా డెస్క్ దగ్గరికి. ఇక్కడందరూ చెవులు మూసుకుని పనిచేస్తారు. నా హెడ్‌ఫోన్స్ పాట వినడం కోసం కంటే, "నన్ను కదిలించొద్దు" అని చెప్పడం కోసం ఎక్కువ. అందులో మోగేది మాటల్లేని సంగీతం. లో-ఫై బీట్స్, వాన చప్పుడు, పియానో. తెలుగు పాట పెట్టుకుంటే కోడ్ రాయలేను. పదేళ్లలో ఎన్నోసార్లు ప్రయత్నించాను. చరణం మొదలయ్యేసరికి వేరియబుల్ పేరు మర్చిపోతా.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. 1989లో సలామే, బాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంకెల వరసల్ని గుర్తుపెట్టుకునేవాళ్ల మీద నేపథ్య సంగీతం ప్రభావాన్ని పరీక్షించారు. వాయిద్య సంగీతం కంటే మాటలున్న పాట ఎక్కువ చెడగొట్టింది. మెదడులో మాటల్ని కాసేపు పట్టి ఉంచే చోటే పాటకీ కావాలి, పనికీ కావాలి. వల లాగేవాడికి ఆ చోటు ఖాళీ. మిషన్ కుట్టేవాడికి ఖాళీ. నా పని మాత్రం మొదట ఆక్రమించేది దాన్నే.

అంటే మా ఇంట్లో తెలుగు పాట వింటూ పని చేయలేని మొదటివాణ్ణి నేనే. తాత తరం పాడుతూ లాగింది. నాయన పాట పక్కన నిద్రపోయి కూడా కాపలా కాశాడు. నేను పాటని ఆఫీసు అయ్యాక, క్యాబ్‌లో, 'కంటెంట్'లా వింటున్నాను. పూర్తి చెవితోనే వింటున్నాను. విమర్శ కూడా రాస్తున్నాను. కానీ కష్టమైన రోజున నోట్లోకి తనంతట తాను వచ్చే వాక్యం ఒక్కటీ నాకు లేదు. పన్నెండు గంటల పని రోజులో నా భాష నాకు అడ్డం. టెస్టింగ్ టీమ్‌లో ఒక మిత్రుడు రోజంతా ఇళయరాజా తెలుగు పాటలు పెట్టుకుంటాడు, మంచి పనిమంతుడు కూడా. ఎలా కుదురుతుందని అడిగితే, "ఆ మాటలు ఇప్పుడు నాకు వినపడవు బ్రో, ట్యూన్ ఒక్కటే" అన్నాడు. అది విన్నాక నాకు అసూయ పోయి దిగులు పట్టుకుంది.

నాయన ఇప్పుడు కాపలా మానేసి మాతోనే ఉంటున్నాడు. మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయినా తెలియదు, రెండు సెకన్లలో జనరేటర్ అందుకుంటుంది. మధ్యాహ్నం టీవీలో పాత పాటల ఛానల్ పెట్టుకుని సోఫాలో కునుకు తీస్తాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో మీటింగ్ ఉందని నేను రిమోట్‌తో మ్యూట్ చేస్తా. వెంటనే లేచి కూర్చుంటాడు. "ఏం పోయింది అబ్బయ్యా?" అని అడుగుతాడు.

ఏం లేదు నాయనా, పడుకో అని మళ్లీ సౌండు పెడతాను. మీటింగ్‌లో నా మైకు మ్యూట్ చేసుకుంటాను.